చిరుధాన్యాల సంస్థ పెడుతున్నాం, "పర్యావరణం వైపు మీ ఇన్నోవేషన్ ఏమిటి" అని అడుగుతున్నారు. ఏం చెప్పాలి?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది. మీరు నలుగురు స్నేహితులు. పత్తికొండ వైపు నాలుగైదు ఊళ్ళలో మహిళా సంఘాలతో కలిసి కొర్రలు, సామలు కొని, ఆడించి, పట్టణాల్లో అమ్మే సామాజిక సంస్థ పెట్టాలనుకుంటున్నారు. గ్రాంటు ఇచ్చేవాళ్ళు పర్యావరణానికి పనికొచ్చే కొత్తదనం ఏముందో చూపించమన్నారు. మీ దగ్గర రెండు ఆలోచనలున్నాయి: ఏ ప్యాకెట్ ఏ రైతుదో చూపించే యాప్, మట్టిలో కలిసిపోయే ప్యాకెట్. ఇవి సరిపోతాయా అని అడిగారు.

సరిపోవండి. రెండూ చెడ్డ ఆలోచనలు కావు, కానీ రెండూ కొనేవాళ్ళ వైపు చూస్తున్నాయి. నేలకూ నీటికీ మేలు చేసే పని ఎవరి చేతుల మీదుగా జరుగుతోందో, వాళ్ళకు ఆ పంటకాలంలోనే డబ్బు మిగలాలి, లేదా రిస్క్ తగ్గాలి. దానికి మీరు చేసే ఏర్పాటే మీ ఇన్నోవేషన్. ఆ ఏర్పాటు లేని సంస్థ గ్రాంటు ఉన్నంతకాలం నడుస్తుంది, ఆ తర్వాత మామూలు కిరాణా వ్యాపారమైపోతుంది. నేను చాలా ఏళ్ళుగా రైతు సంఘాలతో, ఉత్పత్తిదారుల కంపెనీలతో పనిచేస్తున్నాను. ఎక్కువగా కొనుగోళ్ళు, మిల్లు, డబ్బు లెక్కలు చూస్తాను కాబట్టి నా జవాబు కూడా ఆ వైపు నుంచే ఉంటుంది.

ముందు మన దగ్గర జరిగినవే చూద్దాం.

పాల్వంచ దగ్గర పునుకుల అనే ఊరుంది. 1990ల చివర్లో అక్కడ పత్తి రైతులు పురుగుమందుల అప్పుల్లో మునిగిపోయి ఉన్నారు. మందు అమ్మే డీలరే అప్పిచ్చేవాడు, చివరికి పంట కొనేదీ అతనే. 1999 ప్రాంతంలో సెక్యూర్ అనే స్వచ్ఛంద సంస్థ వచ్చి వేప గింజల కషాయం, పచ్చిమిర్చి వెల్లుల్లి కషాయం, లింగాకర్షక బుట్టలు, ఎర పంటలు నేర్పింది. మొదట కొద్దిమందే ముందుకొచ్చారు. వాళ్ళకు మందు ఖర్చు ఆ ఏడాదే తగ్గింది. అది చూసి మిగతావాళ్ళు వచ్చారు, 2003-04 నాటికి ఊరు ఊరంతా పురుగుమందులు మానేసింది. గమనించండి, ఆ మార్పు పత్తికి ఎక్కువ ధర వస్తుందన్న ఆశ మీద నడవలేదు. ఆర్గానిక్ ముద్ర లేదు, నగరంలో షాపు లేదు. మిగిలిందల్లా మందుల దుకాణానికి కట్టాల్సిన డబ్బు. రైతుకు అంతకంటే బలమైన కారణం అక్కర్లేకపోయింది.

తర్వాత సెర్ప్ (ప్రభుత్వ గ్రామీణ పేదరిక నిర్మూలన సంస్థ) ద్వారా మహిళా సమాఖ్యలు ఈ పద్ధతిని వేల ఊళ్ళకు తీసుకెళ్ళాయి. ఇప్పుడు ఆంధ్రప్రదేశ్‌లో రైతు సాధికార సంస్థ నడుపుతున్న ప్రకృతి వ్యవసాయ కార్యక్రమం (2016లో మొదలైంది, 2024లో గుల్బెంకియన్ బహుమతి అందుకుంది) ఆ దారిలోనే పెరిగింది. అక్కడ నాకు ముఖ్యంగా కనిపించే కొత్తదనాలు రెండు. కషాయాలు సొంతంగా చేసుకునే తీరిక లేని రైతు కోసం ఊళ్ళోనే తయారుచేసి అమ్మే చిన్న దుకాణాలు పెట్టారు. బయటి నిపుణుల బదులు, చేసి చూసిన రైతునే పక్క ఊరి రైతులకు నేర్పే మనిషిగా పెట్టి, ఆ పనికి డబ్బిచ్చారు. కషాయాల్లో చాలావరకు పెద్దలకు తెలిసినవే. వాటిని అందుబాటులోకి తెచ్చిన ఏర్పాటే కొత్తది.

జహీరాబాద్ దగ్గర పస్తాపూర్‌లో 1983 నుంచి పనిచేస్తున్న దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మీకు ఇంకా దగ్గరి ఉదాహరణ, ఎందుకంటే అదీ చిరుధాన్యాలదే. దళిత మహిళలకు భూ సంస్కరణల్లో వచ్చిన పొలాలు బీళ్ళుగా పడి ఉండేవి. దున్నకం, ఎరువు, విత్తనం ఖర్చును సంఘం అప్పుగా ఇచ్చింది. తీర్చేది డబ్బుతో కాదు, కొన్నేళ్ళపాటు కొంత కొంత జొన్నలు ఊరి గాదెలో పోసి తీర్చాలి. ఆ జొన్నలనే తిండి దొరకని నెలల్లో పేద కుటుంబాలకు తక్కువ ధరకు ఇచ్చారు. ఎవరు ఎంత పేదవాళ్ళో ఊరివాళ్ళే కూర్చుని తేల్చారు. బీడు సాగులోకి వచ్చింది, పని దొరికింది, గింజ ఊళ్ళోనే తిన్నారు. 2019లో వాళ్ళకు ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం ఇచ్చే ఈక్వేటర్ బహుమతి వచ్చింది. అందులో ఒక్క యంత్రం కూడా కొత్తది లేదు.

ఇంకొకటి చెప్పి మీ విషయానికి వస్తాను. బెంగళూరులో 1995లో మొదలైన సోలార్ దీపాల సంస్థ సెల్కో. సోలార్ దీపం ఎవరైనా కొనుక్కురావచ్చు, టెక్నాలజీ రహస్యమేమీ కాదు. వాళ్ళు కష్టపడింది గ్రామీణ బ్యాంకులను ఒప్పించడంలో, తోపుడు బండివాళ్ళకు ఏ రోజుకారోజు సంపాదన వస్తుంది కాబట్టి ఆ రాబడికి సరిపోయేలా చెల్లింపు మార్చడంలో. కిరోసిన్‌కు రోజూ పెట్టే డబ్బే దీపానికి మళ్ళింది. ఈ మూడు చోట్లా మంచి పని చేసినవాళ్ళు ఎవరి దయ కోసమూ ఎదురుచూడలేదు.

ఇప్పుడు మీ ప్రతిపాదన. అందులో "రైతులు పురుగుమందులు వాడకుండా చేస్తాం" అని రాశారు. నిజం చెప్పండి, వర్షాధారంగా వేసిన కొర్రకు మీ వైపు పురుగుమందు ఎవరు కొడుతున్నారు? దాదాపు ఎవరూ కొట్టరు. ఎవరూ వాడనిదాన్ని తగ్గిస్తామని రాస్తే విషయం తెలిసిన మనిషి మొదటి పేజీలోనే పట్టుకుంటాడు. మందు పడేది అదే రైతు పక్క చేనులో, పత్తి మీదా, మిరప మీదా, టమాటా మీదా. కాబట్టి కొర్రలు మాత్రమే కొని వచ్చేసే సంస్థ వల్ల నేలకు జరిగే మేలు మీరు అనుకున్నదానికంటే చాలా తక్కువ.

అయితే మేలు ఎక్కడ ఉంది? కొర్ర విస్తీర్ణం నిజంగా పెరిగితే ఉంది. ఐదు సాళ్ళ కొర్రకు ఒక సాలు కంది వేస్తే ఉంది. కొర్ర తొంభై రోజులకు అటూ ఇటూగా కోతకు వచ్చాక కంది నేలను ఇంకా కప్పి ఉంచుతుంది, ఆకు రాలుస్తుంది, రైతుకు రెండో రాబడి ఇస్తుంది. విత్తనం ఇంట్లోదే దాచుకుంటే ఉంది. కానీ మీరు కొర్రలు మాత్రమే కొంటామంటే కందిని ఎవరికి అమ్ముకోవాలి? రైతు మళ్ళీ దళారీ దగ్గరికే వెళ్ళాలి. అందుకే ఒక పంటను కాదు, ఆ చేనులో పండే పంటల కలయికను కొనండి. చెన్నేకొత్తపల్లి దగ్గర టింబక్టు కలెక్టివ్ వాళ్ళు పెట్టిన ధరణి సహకార సంఘం ఇలాగే చిరుధాన్యాలు, పప్పులు, వేరుశనగ కలిపి కొంటుంది, ఆ సంఘానికి రైతులే సభ్యులు. మీకు అది బస్సులో వెళ్ళి చూసి రాగలిగిన దూరం. ఇంకేం చేసినా చేయకపోయినా అక్కడికి మాత్రం వెళ్ళిరండి.

ఇక రిస్క్. కేంద్రం ప్రకటించే మద్దతు ధరల జాబితాలో జొన్న, సజ్జ, రాగి ఉన్నాయి. కొర్ర, సామ లేవు. అంటే ధర ఎలా ఉంటుందో తెలియకుండా రైతు విత్తనం వేయాలి. మీరు జూన్‌లో విత్తే ముందే ఒక కనీస ధర చెప్పి, కుటుంబానికి ఇన్ని క్వింటాళ్ళ వరకు తప్పకుండా కొంటామని కాగితం మీద రాసివ్వగలిగితే అదే పెద్ద ఇన్నోవేషన్. పరిమితి మాత్రం తప్పకుండా పెట్టండి. పరిమితి లేని హామీ మంచి పంట వచ్చిన ఏడాది మిమ్మల్ని ముంచుతుంది.

రెండో రిస్క్ పిట్టలు. బయటివాళ్ళు దీన్ని లెక్కలోకి తీసుకోరు. ఊళ్ళో ఒకరిద్దరే కొర్ర వేస్తే చుట్టుపక్కల పిట్టలన్నీ ఆ చేను మీదే పడతాయి, కాపలాకు మనిషి కావాలి, పెద్దగా మిగలదు. పక్కపక్కన ఉన్న రైతులందరూ ఒకేసారి వేస్తే నష్టం పంచుకుపోతుంది, కాపలా కూడా వంతులవారీగా పెట్టుకోవచ్చు. నాకు తెలిసిన ఒక మహిళా సంఘం సభ్యత్వాన్ని కుటుంబాల వారీగా కాకుండా పొలం గట్ల వారీగా తీసుకుంది: ఒక గట్టు చుట్టూ ఉన్న ఏడెనిమిది కుటుంబాలు కలిసి వస్తేనే విత్తనం ఇస్తామన్నారు. కొందరు అలిగారు. కానీ మరుసటి ఏడాది ఎవరూ చెప్పకుండానే రెండు కొత్త గట్లు చేరాయి. గ్రాంటు ఇచ్చేవాళ్ళకు ఇలాంటిది చెప్పండి, కుర్చీలో ముందుకు జరిగి వింటారు.

మిల్లు ఎక్కడ పెడతారన్నది యాప్ కంటే ఎన్నో రెట్లు ముఖ్యం. కొర్ర ధాన్యం క్వింటాలు ఆడిస్తే మిషన్‌ని బట్టి, గింజ ఎండుదలని బట్టి 60 నుంచి 70 కిలోల బియ్యం వస్తుంది. మిగతాది పొట్టు, తవుడు, నూక. కర్నూలుకో హైదరాబాద్‌కో ధాన్యం పంపి ఆడిస్తే లారీలో మూడో వంతు పొట్టునే మోస్తున్నట్టు. ఊళ్ళో ఆడిస్తే ఆ డీజిల్ మిగులుతుంది, తవుడు పశువులకు పోతుంది, పని ఊరివాళ్ళకే దొరుకుతుంది. పైగా రోకలితో దంచే బాధ వల్లే చాలా ఇళ్ళలో కొర్ర తినడం మానేశారు. చిన్న మిల్లు వస్తే పండించినవాళ్ళే మళ్ళీ తింటారు. తెలుగు నేల మీద మల్ఖా అనే చేనేత నూలు బట్ట వెనక ఉన్న ఆలోచన కూడా ఇదే: పత్తిని బేళ్ళుగా గట్టిగా బిగించడం, దూరం పంపడం, అక్కడ మళ్ళీ విడదీయడం అనే మెట్లు తీసేసి, పత్తి పండే చోటికి దగ్గర్లోనే చిన్న యూనిట్లలో వడకడం.

మిల్లు గురించి రెండు జాగ్రత్తలు. ఒకటి, పొట్టు తీసే మిషన్ ఒక్కటే కొని ఊరుకోవద్దు. ముందు జల్లెడ, రాళ్ళు తీసే మిషన్ లేకపోతే ఆ బియ్యం పట్టణంలో రెండోసారి ఎవరూ కొనరు. రాజేంద్రనగర్‌లో భారతీయ చిరుధాన్యాల పరిశోధన సంస్థ ఉంది, మిషన్ కొనేముందు మీ ఊరి గింజే తీసుకెళ్ళి ఆడించి చూడండి. రెండోది, కొర్ర బియ్యంలో తవుడు మిగిలితే పోషకాలు బాగుంటాయి, కానీ ఆ తవుడులోని నూనె వల్ల కొన్నాళ్ళకు ముక్కిపోయిన వాసన వస్తుంది, చేదు పడుతుంది. అందుకని అంతా ఒకేసారి ఆడించి పెట్టొద్దు. గోనె సంచుల్లో ధాన్యంగానే ఉంచి, ఆర్డర్‌ను బట్టి వారం వారం ఆడించండి. పొట్టుతో ఉన్న గింజ చాలాకాలం చెక్కుచెదరకుండా ఉంటుంది. ప్రకృతి ఉచితంగా ఇచ్చిన ప్యాకింగ్ ఆ పొట్టే.

ఇక్కడే మీ ప్యాకెట్ సంగతి. మట్టిలో కలిసిపోతుందని అమ్మే ప్లాస్టిక్ రకాల్లో బాగా కనిపించేది పీఎల్‌ఏ, మొక్కజొన్న లాంటి పంటల నుంచి చేసే ప్లాస్టిక్. అది ఇంటి వెనక గుంతలో అంత తేలిగ్గా కరగదు, 60 డిగ్రీల దగ్గర వేడి నిలిపి ఉంచే కంపోస్టు ప్లాంటు కావాలి. మీ కొనుగోలుదారుల ఊళ్ళలో అలాంటి ప్లాంటుకు ఆ ప్యాకెట్ చేరే దారి ఉందా? లేకపోతే అది చెత్తకుప్పలోకే పోతుంది. పైగా ఇలాంటి ప్యాకెట్లలో చాలావాటికి తేమను ఆపే శక్తి తక్కువ. లోపల పురుగు పడి కిలో బియ్యం పారేస్తే, ఆ కిలోకు పడ్డ నేల, నీరు, శ్రమ అన్నీ వృథా. ప్యాకెట్ బరువు కొన్ని గ్రాములే, లోపలి గింజ మీద పోయినదాంతో పోలిస్తే అది చాలా చిన్న నష్టం. నా సలహా: పట్టణంలో కిలో ప్యాకెట్లను మామూలుగా పనిచేసే మంచి ప్యాకింగ్‌లోనే ఇవ్వండి. దగ్గరలోని హాస్టళ్ళు, హోటళ్ళు, క్యాంటీన్లకు తిరిగి తీసుకునే డబ్బాల్లోనో సంచుల్లోనో ఇవ్వండి. అలా ఎంత ఎక్కువ అమ్మితే అంత ప్లాస్టిక్ తగ్గుతుంది, రవాణా కూడా తగ్గుతుంది.

యాప్ గురించి చిన్నగా. మొదటి రెండేళ్ళు సంఘం రాసే పుస్తకం చాలు. అయితే ప్యాకెట్ మీద "ఆర్గానిక్" అని రాసి షాపుల్లో అమ్మాలంటే యాప్ చూపిస్తే కుదరదు. 2017 నాటి ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ (కేంద్ర ఆహార భద్రతా సంస్థ) నిబంధనల ప్రకారం ఎన్‌పీఓపీ (బయటి ఏజెన్సీ తనిఖీ చేసి ఇచ్చే) ధ్రువీకరణ గానీ పీజీఎస్-ఇండియా ధ్రువీకరణ గానీ ఉండాలి. పీజీఎస్‌లో రైతులే గుంపుగా ఏర్పడి ఒకరి పొలాన్ని ఒకరు తనిఖీ చేసుకుంటారు. ఖర్చు తక్కువ. అంతకంటే ముఖ్యంగా, పక్క రైతు కళ్ళు కప్పడం బయటి ఇన్‌స్పెక్టర్ కళ్ళు కప్పడమంత తేలిక కాదు.

ఇప్పుడు అసలు టెన్షన్ పెట్టే విషయం, వర్కింగ్ క్యాపిటల్. కొర్ర సెప్టెంబరు, అక్టోబరులో చేతికొస్తుంది. రైతుకు డబ్బు అప్పుడే కావాలి. మీరు అమ్మేది ఏడాది పొడవునా. అంటే మీ డబ్బు నెలల తరబడి గోనె సంచుల్లో ఉంటుంది. గ్రాంట్లు మిషన్లకు ఇస్తారు, ట్రైనింగ్‌కు ఇస్తారు, గింజ కొనడానికి ఇవ్వడం అరుదు. నేను దగ్గరగా చూసిన ఒక ఉత్పత్తిదారుల కంపెనీకి పెద్ద రిటైల్ సంస్థ నుంచి ఆర్డర్ వచ్చింది. అందరూ సంబరపడ్డారు. చెల్లింపు అరవై రోజులకు అన్నారు, వచ్చేసరికి ఇంకా ఆలస్యమైంది. ఈలోగా మహిళలకు ఇవ్వాల్సిన డబ్బు ఆగిపోయింది, తర్వాతి ఏడాది సగం మంది గింజను దళారీకే ఇచ్చారు. దళారీ ధర తక్కువే, కానీ డబ్బు అదే రోజు చేతిలో పెట్టాడు. వాళ్ళది తప్పని నేను అనను. ఇల్లు నడవాలి.

దీనికి పనిచేసే దారులు కొన్నున్నాయి. కొనేరోజు ధరలో ఎక్కువ భాగం చెల్లించి, మిగతాది లాభం తేలాక సంఘం బోనస్‌గా ఇవ్వడం ఒకటి. ఈ మాట ముందే, అందరి ముందూ చెప్పాలి. పట్టణంలో నమ్మకమైన కుటుంబాల దగ్గర పంటకు ముందే ఏడాది కొర్రలకు అడ్వాన్సు తీసుకోవడం ఇంకొకటి. రైతు ఉత్పత్తిదారుల సంస్థగా నమోదై, 2020లో కేంద్రం తెచ్చిన పదివేల ఎఫ్‌పీఓల పథకం కిందకు వస్తే సభ్యుల వాటాధనానికి సమానంగా రైతుకు 2,000 రూపాయల వరకు, సంస్థకు మొత్తం 15 లక్షల వరకు ఈక్విటీ గ్రాంటు ఆ పథకంలో ఉంది. ఇప్పుడు కొత్త సంస్థలను చేర్చుకుంటున్నారా లేదా అన్నది మీ జిల్లా నాబార్డు అధికారిని అడగండి.

సంస్థ ఏ రూపంలో పెట్టాలన్నది మీరు అడగలేదు కానీ ఇది దానితో ముడిపడే ఉంది. సెక్షన్ 8 కంపెనీ (లాభాపేక్ష లేని కంపెనీ) అయితే విరాళాలు తేలిక, లాభం సభ్యులకు పంచలేరు. ఉత్పత్తిదారుల కంపెనీ అయితే కనీసం పదిమంది ఉత్పత్తిదారులు కావాలి, బోనస్ పంచవచ్చు, యజమానులు వాళ్ళే. 1995 నాటి పరస్పర సహాయక సహకార సంఘాల చట్టం కింద కూడా పెట్టుకోవచ్చు. నా మొగ్గు మహిళలే యజమానులయ్యే రూపం వైపు. మీరు నలుగురు జీతం తీసుకుని నడిపే మనుషులుగా ఉండండి. అలా ఉంటే కరువు వచ్చిన ఏడాది ఏం చేయాలన్న నిర్ణయం పొలం ఉన్నవాళ్ళ చేతిలో ఉంటుంది.

కరువు ఏడాది గురించి ఎందుకు అంటున్నానంటే, సంస్థలు దారి తప్పేది అప్పుడే. ఆర్డర్లు ఉంటాయి, సరుకు ఉండదు. బయటి మార్కెట్లో కొని అదే ప్యాకెట్లో నింపుదామని ఎవరో ఒకరు అంటారు. ఒకసారి చేస్తే మరుసటి ఏడాది తేలిగ్గా చేస్తారు, మూడో ఏడాదికి రైతులతో పని ఉండదు. బయట కొనాల్సి వస్తే వేరే లేబుల్, వేరే ధర, వేరే పుస్తకం అని ఇప్పుడే తీర్మానం రాసి సంతకాలు పెట్టించండి.

ఒక మినహాయింపు చెప్పాలి. ఆ ఏడాదే లాభం కనిపించాలి అన్నాను, కొన్ని పనులకు అది కుదరదు. చెట్లు పెంచడం, బాగా దెబ్బతిన్న నేలను బాగుచేయడం ఏళ్ళు పట్టే పనులు. అలాంటప్పుడు మధ్య కాలాన్ని ఇంకెవరో భరించాలి. అరకులో నాంది ఫౌండేషన్ అనే స్వచ్ఛంద సంస్థ గిరిజన రైతులతో లక్షల పండ్ల చెట్లు, కాఫీ మొక్కలు పెట్టించినప్పుడు లైవ్లీహుడ్స్ అనే కార్బన్ ఫండ్ ముందుగా డబ్బు పెట్టింది, దానికి బదులు కంపెనీలు కార్బన్ క్రెడిట్లు (చెట్లు పీల్చుకున్న కార్బన్‌ను లెక్కకట్టి ఇచ్చే పత్రాలు) తీసుకుంటాయి. అరకు కాఫీ 2017లో పారిస్‌లో సొంత దుకాణం తెరిచి మంచి ధరకు అమ్ముడవుతోంది కూడా. ఎక్కువ ధరతో నడవొచ్చని అది చూపిస్తోంది, నిజమే. కానీ దాని వెనక పెద్ద సంస్థ, ఏళ్ళ పెట్టుబడి, నాణ్యత మీద విపరీతమైన పట్టు ఉన్నాయి. మీ మొదటి మూడేళ్ళ లెక్కను ఎక్కువ ధర మీద ఆధారపడకుండా వేయండి, వస్తే అది అదనం.

గ్రాంటు కాగితంలో మరి ఏం రాయాలి? ఇలా రాయండి: గట్ల వారీగా పక్కపక్క పొలాల్లో కొర్ర, కంది కలిపి వేయిస్తాం, విత్తే ముందే ధర, పరిమాణం రాసిస్తాం, చేనులో పండే పంటలన్నీ కొంటాం, ఊళ్ళోనే ఆడిస్తాం, మిగులు సభ్యులకు పంచుతాం. కొలవడానికి నాలుగు విషయాలు చాలు: కొత్తగా ఎన్ని ఎకరాలు ఈ పద్ధతిలోకి వచ్చాయి, అందులో ఎంతమంది రెండో ఏడాది కూడా కొనసాగారు, ఎకరాకు రైతు ఖర్చు ఎంత మారింది, గింజ ఇచ్చిన ఎన్ని రోజులకు డబ్బు అందింది. రెండో ఏడాది కొనసాగినవాళ్ళ సంఖ్యే నేను ముందు చూస్తాను. ఫోటోలు, సభల హాజరు పట్టికలు మీ దగ్గర ఎలాగూ ఉంటాయి, వాటికి పేజీలు ఖర్చుపెట్టకండి.

మీ ఊళ్ళలో ఇప్పుడు కొర్ర ఎన్ని ఎకరాల్లో ఉంది, అందులో కౌలు భూమి ఎంత, దగ్గరి మిల్లు ఎంత దూరం, పోయిన ఏడాది దళారీ ఇచ్చిన ధర ఎంత, ఈ నాలుగూ కనుక్కుని ఇక్కడ రాయండి. కౌలు వివరం వదిలేయకండి, ఏడాదికోసారి మారే కౌలుదారు నేల కోసం పెట్టుబడి పెట్టడు, అప్పుడు ఏర్పాటు వేరేగా ఆలోచించాలి. వివరాలు వస్తే మొదటి ఏడాదికి ఎన్ని క్వింటాళ్ళకు హామీ ఇవ్వచ్చో, దానికి ఎంత డబ్బు చేతిలో ఉండాలో లెక్క వేసి చెబుతాను.